వంటింటి వైరుకు వెదురుబద్ద

కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆడపిల్లలకు రకరకాల భయాలు ఉండేవి. కొందరికి అత్తగారంటే భయం, కొందరికి ఆడపడుచంటే భయం, మరికొందరికి అన్నం మెత్తబడుతుందేమోనని భయం. నా భయం వేరు. మా అత్తగారింట్లో మనుషులందరూ నాకు మంచివాళ్లుగానే కనిపించారు. స్విచ్చులే అట్లా కనిపించలేదు. ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో, బస్సు ఆగినా ఆగకపోయినా ఎవరూ ఆశ్చర్యపోని ఊరు మాది. ఆ ఊళ్లో మా మామ ఇల్లు గొర్రెల వాసనతో, అత్తమ్మ కేకలతో కళకళలాడుతూ ఉండేది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన మొదటిరోజు నేను కుడికాలు ముందు పెట్టానో ఎడమకాలు ముందు పెట్టానో గుర్తు లేదు గానీ, తలెత్తి చూరు వైపు చూసి గుండె జారిపోవడం మాత్రం బాగా గుర్తుంది. చూరు పొడుగునా వైర్లు. ఆ వైర్లకు కట్లు. ఆ కట్లకు మళ్లీ కట్లు.

ఆ కట్ల గురించి చెప్పాలంటే ముందు మా మామ హస్తవాసి గురించి చెప్పాలి. గొర్రెపిల్ల కాలు విరిగితే చుట్టుపక్కల నాలుగూళ్ల వాళ్లూ దాన్ని భుజాన వేసుకొని ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన ఆ కాలికి అటొక వెదురుబద్ద, ఇటొక వెదురుబద్ద ఆనించి, పాతపంచ చింపిన గుడ్డతో గట్టిగా చుట్టి, దారంతో బిగించి వదిలేవాడు. కొన్నాళ్లకు అది గంతులేసేది. ఆ విజయంతో ఆయనకు ఒక నమ్మకం ఏర్పడిపోయింది. విరిగింది ఏదైనా సరే, రెండు కొనలూ దగ్గరికి చేర్చి, బద్ద పెట్టి, గుడ్డ చుడితే అతుక్కుంటుందని. ఆ లెక్కన మా ఇంట్లో తెగిన ప్రతి వైరునూ పళ్లతో తొక్క పీకి, మెలిపెట్టి, బద్ద కట్టి, గుడ్డ చుట్టాడు. (వానాకాలంలో ఆ గుడ్డలు తడిసి నీళ్లు కారేవి. నేను వాటికింద నడిచేటప్పుడు తల వంచుకొని నడిచేదాన్ని. కొత్తకోడలి వినయమని ఊళ్లో మంచిపేరు వచ్చింది.)

ఇంకొకరింటి పిల్లయితే అవన్నీ చూసి ఊరుకునేదేమో. నేను ఆత్మకూరులో మోటార్లు వైండింగు చేసే కొట్టులో పుట్టి పెరిగినదాన్ని. మా నాయన అన్నం తినేటప్పుడు మాకు రాజుల కథలు చెప్పలేదు, ఎవరికి ఎక్కడ ఎట్లా షాక్ కొట్టిందో చెప్పాడు. అనంతసాగరం వైపు ఒకాయన తడిచేత్తో స్టార్టరు ముట్టుకున్న కథ నేను పప్పన్నంలోనే విన్నాను. అంత చదువు చదివిన పిల్లకు ధైర్యం ఉండాలి గదా అంటారు. పాములవాడి కూతురికి పాముల పేర్లన్నీ తెలుస్తాయి, అంతమాత్రాన పక్కలో పడుకోబెట్టుకోదు గదా! "కరెంటుకు కళ్లుండవు పాపా, మనకే ఉండాల," అనేవాడు నాయన. "మెయిన్ ఆపినా అని ఎవురు చెప్పినా నమ్మబాక. టెస్టరు చెప్తేనే నమ్ము," అనేవాడు. నన్ను అత్తగారింటికి పంపేటప్పుడు సారెలో అరిసెలు, చలిమిడితో బాటు ఒక టెస్టరు, ఒక నల్లటేపు చుట్ట కూడా పెట్టాడు. సారె చూడటానికి వచ్చిన అమ్మలక్కల ముందు మా అత్తమ్మ ఆ టెస్టరును ఎత్తి పట్టుకొని, "ఏందమ్మా ఇది, మీ ఆత్మకూరులో పెళ్లికూతురికి స్క్రూడ్రైవరు పెడతారా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ దాన్ని తీసుకుపోయి నా ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతలో దాచుకున్నాను. మెడలో పసుపుతాడు తర్వాత ఆ ఇంట్లో నా ధైర్యం అదే.

ఆ ఇంటి స్విచ్చులకు ఒక మర్యాద ఉండేది. స్విచ్చుబోర్డు పక్కన మేకుకు ఒక రబ్బరు చెప్పు వేలాడుతూ ఉండేది. దాని పేరు కరెంటు చెప్పు. దాని జత ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. ఫ్యాను వేయాలంటే ఆ చెప్పును చేతికి తొడుక్కొని స్విచ్చు మీద ఒక్కటివ్వాలి. అత్తమ్మ పప్పుగుత్తితో వేసేది. నేనైతే ఉక్కపోతకు చచ్చినా సరే ఫ్యాను జోలికి పోయేదాన్ని కాదు. "మీ కోడలు ఎంత పొదుపు మనిషి," అన్నారు జనం. ఆ ఇంట్లో నా భయాలన్నీ ఒక్కొక్కటే సద్గుణాలై కూర్చున్నాయి. ఒక్క వంటింటి బల్బు సంగతి మాత్రం నాకు అంతుపట్టేది కాదు. హాల్లో ఫ్యూజు పోయి ఇల్లంతా చీకటైనా ఆ బల్బు వెలుగుతూనే ఉండేది. "మా వంటింట్లో లక్ష్మి ఉండాదమ్మే. అందుకే ఆ దీపం ఆరదు," అని అత్తమ్మ దానికి దణ్ణం పెట్టేది. నేనూ పెట్టేదాన్ని. భక్తితో కాదు.

మా ఇంటికి పక్కగోడ అవతల పెద్దమామ ఇల్లు. ఆయన మా మామకు సొంత అన్న. ఒకప్పుడు రెండూ కలిసి ఒకే ఇల్లట. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు మధ్యలో గోడ లేచింది. ఆ తర్వాత మా గొర్రెలు వాళ్ల కందిచేలో పడ్డాయన్న మాట మీద మాటలు కూడా ఆగిపోయాయి. ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే పెద్దమామ తన కుక్కను తిట్టేవాడు, మా మామ తన పొట్టేలును తిట్టేవాడు. "ఒరే పొట్టేలా, కొందురు తూము నీళ్లు మన వాకిట్లోకి వదలతా ఉండారు, సిగ్గుండాల!" అని ఇటునుంచి కేక వేస్తే, "ఒసే కుక్కా, నీళ్లు పల్లానికి పోతాయిగానీ మిట్టకు పోతాయా?" అని అటునుంచి జవాబు వచ్చేది. పాపం ఆ రెండు జంతువులూ ఏ తప్పూ చేయకుండానే నానా మాటలూ పడేవి. పెళ్లయి వచ్చినప్పటినుంచి నేను ఆ గడప తొక్కలేదు. పెద్దమామ మీసాలంటే భయం, ఆ కుక్కంటే ఇంకా భయం.

అట్లా ఉండగా, వానలు పట్టిన రోజుల్లో ఒక పొద్దున మా నాయన ఫోన్ చేసి, మధ్యాహ్నం బస్సుకు నన్ను చూడటానికి వస్తున్నానన్నాడు. పెళ్లయ్యాక ఆయన రావడం అదే మొదటిసారి. అత్తమ్మ కోడిని పట్టుకునే పనిలో పడింది. నేను మిక్సీలో మసాలా వేసి (పప్పుగుత్తితో) స్విచ్చు నొక్కానో లేదో, వంటింటి బయట చూరులో చిటపటమని నిప్పురవ్వలు రాలాయి. మాడిన గుడ్డ వాసన వేసింది. ఎన్నడూ ఆరని లక్ష్మి టప్పున ఆరిపోయింది. నేను వాకిట్లోకొచ్చి పడ్డాను. ఎట్లా వచ్చానో నాకు తెలియదు, గిన్నె మాత్రం చేతిలోనే ఉంది.

మామ వచ్చి చూరుకేసి చూశాడు. బయట వసారాలో, వైరు వంటింట్లోకి దిగే చోట ఉన్న బద్దకట్టు నల్లగా మాడి వేలాడుతోంది. "ఉదయగిరి నుంచి ఎలక్ట్రీషియన్ని పిలిపిద్దాం మామా," అన్నాను. "వాడు రేపొస్తా అంటాడు. రేపంటే వచ్చే నెల. ఈలోపల మీ నాయన వస్తాడు. వచ్చి, వియ్యంకుడి వంటిల్లు చీకటిగా ఉండాదని ఆత్మకూరంతా చెప్పడా? ఆయప్ప వచ్చే లోపల ఇది ఎలగాల!" అన్నాడు మామ. ఆ మాటతో నాకు అర్థమైంది. ఈ రోజు గొర్రెకాలు వైద్యం జరగబోతోంది. మా ఆయన నాలుగు గొర్రెలు తోలుకొని సంతకు పోయినాడు. ఆపే మనిషి లేడు.

మామ మెయిన్ ఆపాడు. హాల్లో ఫ్యాను తిరగడం మానింది. "అంతే పాపా. ఇంక అది చచ్చిన పాము," అన్నాడు. దాణా పోసే ఇనప డ్రమ్మును దొర్లించుకొచ్చి వసారా కింద బోర్లించాడు. వాన తుంపరకు డ్రమ్ము తడిసి ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు. నోట్లో వెదురుబద్ద కరుచుకొని, భుజాన గుడ్డపీలిక వేసుకొని ఎక్కాడు. పప్పన్నంతో తిన్న కథలన్నీ ఒక్కసారిగా కడుపులో కదిలాయి. పరుగెత్తి ట్రంకుపెట్టె తెరిచి, పట్టుచీర లాగిపారేసి టెస్టరు తెచ్చాను. "మామా, ఒక్కసారి దీన్ని పెట్టి చూడండి మామా!" అన్నాను. "మెయిన్ ఆపినాక ఇంకా టెస్టరేంది పాపా? చచ్చినోడికి మందు పోస్తారా?" అని నవ్వి, ఆయన చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి వైరుకు జానెడు దూరంలోకి పోయింది.

అప్పుడు నేనేం చేశానో ఇప్పటికీ మా ఇంట్లో కథలుగా చెప్పుకుంటారు. అంతవరకు మామ ముందు గట్టిగా దగ్గి కూడా ఎరగని దాన్ని, రెండు చేతులతో ఆయన పంచె పట్టుకొని కిందికి లాగి, "దిగు మామా!" అని అరిచాను. ఏకవచనమే వచ్చింది నోటికి. కోడి జారిపోయిన కోపంతో అత్తమ్మ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి ఆ దృశ్యం చూసి, "ఓయమ్మ నా తల్లో! కోడలు మామ పంచె పీకతా ఉండాదే!" అని నెత్తిన చేతులు పెట్టుకుంది. మామ నోట్లో బద్ద కింద పడింది. ఒక చేత్తో పంచె, ఇంకో చేత్తో పరువు పట్టుకొని ఆయన డ్రమ్ము దిగాడు. దిగాడు, అదే నాకు కావలసింది.

నేను కరెంటు చెప్పుతో బాటు ఇంట్లో దొరికిన ఇంకో రబ్బరు చెప్పు వేసుకొని (రెండూ ఎడమకాలివే), చెక్కపీట వేసుకొని ఎక్కి, మాడిన కట్టులోంచి బయటపడిన రాగికొన మీద టెస్టరు ఆనించాను. లోపల చిన్న ఎర్రదీపం వెలిగింది. ఇంట్లో మెయిన్ ఆపి ఉంది. ఫ్యాను ఆగి ఉంది. దీపం వెలుగుతోంది. నేను పీట దిగి అక్కడే కూలబడ్డాను. ఆ చెయ్యి ఇంకొక్క జానెడు పోయుంటే, నేను బస్టాండుకు పోయి నాయనకు ఏమని చెప్పి ఉందును?

"ఆపిన కరెంటు యాడనించి వచ్చిందిరా దేవుడా!" అంది అత్తమ్మ. మామ చూపు మెల్లగా వైరు వెంబడి పాకింది. వసారా చూరు దాటి, దూలం దాటి, పక్కగోడ మీది పెంకుల సందులోకి పోయింది. ఆయన మొహం పాలిపోయింది. "పంచుకున్నాం గదా..." అని గొణిగాడు. "ఇల్లు పంచుకున్నాం, గొర్రెలు పంచుకున్నాం, ఇత్తడి బిందెలు కూడా పంచుకున్నాం. వైర్లు పంచుకోలా. వంటింటి లైను ఆ ఇంటి మీటరు నించే వస్తా ఉండాది. మరిచేపోయినా." ఇన్నాళ్లూ అత్తమ్మ దణ్ణం పెట్టింది లక్ష్మికి కాదు, మాటల్లేని బావగారి కరెంటుకి! ఆవిడ కొంగుతో నోరు మూసుకుంది.

"పెద్దమామను మెయిన్ ఆపమని అడుగుదాం," అన్నాను. అంతే, అప్పటిదాకా పాలిపోయిన మొహం ఎర్రబడింది. "వాణ్ణి అడిగేదా? నేనా? చస్తే అడగను!" అన్నాడు మామ. "చస్తారనే గదా మామా నా భయం!" అన్నాను. "చెప్పులేసుకొని, కరెంటు ఉండగానే కట్టేస్తా. మా కాలంలో ఎన్ని కట్టలా," అని నా కాళ్ల చెప్పులకేసి చూశాడు. నేను ఆ చెప్పులతోనే వాకిలి దాటాను.

పెద్దమామ అరుగు మీద కూర్చొని పలుపుతాడు పేనుకుంటున్నాడు. కుక్క లేచింది. మామూలుగానైతే అక్కడే ప్రాణం పోయేది. ఆ రోజు నాలో భయం ఎంత నిండి ఉందంటే, కుక్కకు చోటు మిగల్లేదు. "పెద్దమామా, మీ మెయిన్ ఆపండి," అన్నాను. ఆయన తల ఎత్తలేదు. "ఎవురు పంపినారు?" అన్నాడు. "ఎవురూ పంపలా. భయమేసి నేనే వచ్చినా. మా వంటింటి వైరు మాడిపోయింది. మామ చేత్తో పట్టుకోబోయినాడు. లైను మీ ఇంట్లోంచి వస్తా ఉండాది," అన్నాను. తాడు పేనే చెయ్యి ఆగింది. "ఆ ఇనప డ్రమ్మెక్కినాడా?" అన్నాడు. ఔనన్నాను. తాడు ఎక్కడ పడిందో, తుండుగుడ్డ ఎక్కడ పడిందో. అంత లావు మనిషి ఒక్క గెంతులో లోపలికి పోయి, మెయిన్ ఆపి, ఫ్యూజు కూడా పీకి, దాన్ని పిడికిట్లో పట్టుకొని బయటికి వచ్చి, నాకంటే ముందు మా వాకిట్లోకి పరుగెత్తాడు. ఆయన వెనక కుక్క, కుక్క వెనక నేను.

అప్పటికే మామ మళ్లీ డ్రమ్మెక్కి ఉన్నాడు. "రేయ్, దిగరా!" అని పెద్దమామ వేసిన కేకకు దొడ్లో గొర్రెలు కూడా లేచి నిలబడ్డాయి. ఇన్నేళ్ల తర్వాత అన్న తమ్ముడితో అన్న మొదటిమాట అదే. మామ దిగాడు. ఎవరి మాటకూ దిగని మనిషి చిన్నపిల్లాడిలా దిగి నిలబడ్డాడు. కావిలించుకుంటారనుకున్నాను నేను. పెద్దమామ పైకి చూసి, "ఇదేందిరా, వైరా, గొర్రె కాలా?" అన్నాడు. "నీ ముందరే గదా కట్టింది! మెలి తిప్పింది నువ్వు, గుడ్డ చుట్టింది నేను. వదులుగా తిప్పింది ఎవురు?" అన్నాడు మామ. "గుడ్డ కాకుంటే టేపు చుట్టకూడదా నీకు?" "టేపు నువ్వు తెచ్చినావా నాకు?" ఇక చూడండి, కందిచేను దగ్గరనుంచి తూము నీళ్ల దాకా అన్నీ బయటికి వచ్చాయి. పొట్టేలుకూ కుక్కకూ ఆ రోజుతో విముక్తి దొరికింది. మధ్యలో మామ ఉన్నట్టుండి, "లైను నీదని తెలిసి గూడా ఎందుకు పీకెయ్యలా?" అన్నాడు. పెద్దమామ పక్కకు చూశాడు. "పొయ్యికాడ దీపం ఆర్పేదానికి చెయ్యి రాలేదులే," అన్నాడు. అత్తమ్మ ఆ మాటకు వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకుంది. నాకైతే ఏడవడానికి కూడా తీరిక లేదు, బస్సు టైమైపోతోంది.

కట్టు విప్పుతానని ఒకరు, నేను విప్పుతానని ఒకరు ముందుకు వచ్చారు. చూస్తే ఇద్దరి చేతులూ వణుకుతున్నాయి. నా చేతులూ వణుకుతున్నాయి గానీ నావి పుట్టినప్పటినుంచి వణుకుతున్నవే, నాకు అలవాటే. "మీరిద్దరూ ఆ ఫ్యూజు పట్టుకొని కూర్చోండి. నేను చెప్పిందాకా ఎవురికీ ఇవ్వబాకండి," అన్నాను. పీటెక్కి ఇందాకటి చోటే టెస్టరు పెట్టాను. ఈసారి దీపం వెలగలేదు. అయినా రెండోసారి పెట్టాను. మూడోసారి కూడా. నాయన చేస్తుంటే చూడటమే గానీ నేను ఎన్నడూ వైరు కలిపినదాన్ని కాదు. మాడిన ముక్క కోసేసి, బ్లేడుతో తొక్క తీసి, రాగి మెరిసేదాకా గీకాను. రెండు వైర్ల ముడులూ పక్కపక్కన పడకుండా ఒకటి ముందు, ఒకటి వెనక వచ్చేలా చూసుకొని, రాగిని బిగించి మెలిపెట్టాను. ఒక్క పోగు బయట లేకుండా నొక్కి, లాగి చూశాను. సారెలో వచ్చిన నల్లటేపును ఇటు తొక్క మీద మొదలుపెట్టి, చుట్టు మీద సగం చుట్టు పడేలా తిప్పుకుంటూ పోయి, అటు తొక్క మీద ముగించాను. కింద అన్నదమ్ములు పిడికిట్లో ఫ్యూజు పెట్టుకొని గుడ్లప్పగించి చూస్తున్నారు. "ఈ అమ్మాయి చూడరా, భయపడతానే అంతా చేస్తా ఉండాది," అన్నాడు పెద్దమామ. "భయపడబట్టే చేస్తా ఉండాది," అన్నాడు మామ.

బల్బు వెలిగి, మసాలా నలిగి, దొరికిన కోడి ఉడుకుతుండగా మా నాయన వచ్చాడు. వచ్చినవాడు అందరిలా గుమ్మంకేసి చూడకుండా చూరుకేసి చూశాడు. చూసి, వైరు కింద ఆగిపోయాడు. "ఎవురేసినారు ఈ జాయింటు?" అన్నాడు. "నేనే," అన్నాడు మామ. "నేనే," అన్నాడు పెద్దమామ. ఒక్కసారే అన్నారు. నాయన మునివేళ్ల మీద లేచి టేపు ఎక్కడ మొదలైందో చూశాడు. ఎక్కడ ముగిసిందో చూశాడు. తర్వాత తలుపు వెనక నిలబడ్డ నన్ను చూశాడు. మీసాల్లో నవ్వు దాచుకొని, "బాగా ఏసినారు బావా," అని మామ భుజం తట్టి, మంచినీళ్లు అడిగాడు. ఆ మరుసటి వారం ఆత్మకూరు నుంచి మనుషులు వచ్చి రెండిళ్లకూ వేరు వేరుగా పైపుల్లో కొత్తవైర్లు లాగి, పాత లైను గోడ దగ్గర తెగ్గొట్టేశారు. మామ ఆ వెదురుబద్దలన్నీ కట్టకట్టి, ఏడుపుమొహంతో గొర్రెలదొడ్లో దాచుకున్నాడు.

మామ పోయి కొన్నేళ్లయింది. మంచంలో, నిద్రలో, హాయిగా పోయాడు. కరెంటుతో కాదు. ఆ మాట మేము ఇప్పటికీ ఒకరికొకరం చెప్పుకొని ఊరట పడతాం. ఇంట్లో ఇప్పుడు చెయ్యి తగిలితే చాలు, దానంతటదే ఆగిపోయే మెయిన్ ఉంది. అయినా నేను బల్బు మార్చాలన్నా రబ్బరు చెప్పులేసుకుంటాను. కాలేజీలో చదివే మా అమ్మాయి నన్ను చూసి పొట్ట పట్టుకొని నవ్వుతుంది. ఇంకా ఎక్కువ నవ్వేది, నేను పీటెక్కబోయే ముందు పక్కగోడకేసి తిరిగి, "పెద్దమామా, మెయిన్ ఆపండి!" అని కేక వేసినప్పుడు. "అమ్మా, ఆ లైను నేను పుట్టకముందే తెగ్గొట్టేశారు గదా! వాళ్లు ఆపితే మనకేంది, ఆపకపోతే మనకేంది?" అంటుంది. నిజమే. నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. కానీ గోడ అవతల కర్ర చప్పుడు మెల్లగా మెల్లగా స్విచ్చుబోర్డు దాకా పోవడం వినిపిస్తుంది. వాళ్లింట్లో టీవీ ఆగిపోతుంది. ఫ్యాను ఆగిపోతుంది. "ఆపినానమ్మాయ్. టెస్టరు పెట్టి చూసుకో," అని వణుకుతున్న గొంతుతో ఆయన కేక వేస్తాడు. నేను టెస్టరు పెట్టి చూసుకొని, బల్బు మార్చి, పీట దిగి, "అయిపోయింది పెద్దమామా, వేసుకోండి," అని చెప్పిందాకా ఆ ముసలాయన అట్లాగే ఉక్కపోతలో, ఫ్యూజు పిడికిట్లో పెట్టుకొని కూర్చొని ఉంటాడు.